కొసరుకు గడి లేదు

ఆదోనిలో పత్తి యార్డు వెనక సందుకు
నెలకో మంగళవారం పోతాను.
చేతిలో అట్ట, అట్ట మీద ఫారం,
ఫారంలో నలభై రెండు వరసలు.
మొదటి పేజీ బియ్యం, కందిపప్పు, పామాయిలు.
నాకు ఇష్టమైనది మూడోది:
చక్కెర, బెల్లం, జిలేబి, నెయ్యి మైసూరు పాకు.

రూలు చిన్నదే.
అదే అంగడి, అదే సరుకు, అదే తూకం.
మిగతా లోకమంతా కదలకుండా నిలబడితేనే
ధర ఎంత నడిచిందో తెలుస్తుందట.

ఉరుకుందప్ప అంగట్లో లోకం నిలబడదు.
"రాసుకో తల్లీ, జిలేబి ఒకటి పది రూపాయలు.
మూడేండ్ల నుంచీ పదే. రూపాయి పెంచింటే ఒట్టు."
ఒట్టు నిజమే.
సంచిలోంచి నా చిన్న కాటా తీస్తాను.
పోయిన ఉగాదికి ముప్పై ఎనిమిది గ్రాములు,
ఈ పొద్దు ఇరవై తొమ్మిది.
చుట్టు సన్నబడింది, నడుమ ఖాళీ పెరిగింది.
ఖాళీకి రేటు కట్టే కోడు నా దగ్గర లేదు,
గ్రాములతో భాగించాను:
ముప్పై ఒక్క శాతం.
ఆయన ఆ అంకెను
తన గల్లాపెట్టెలో దొరికిన చెల్లని నోటులా చూశాడు.
"నేను పెంచందే ఎట్ల పెరిగె?"

మైసూరు పాకు పళ్లెం మీద మూత తీశాడు.
మూత తీయకముందే వాసన చెప్పేసింది.
డాల్డా.
గొంతు తగ్గించి అన్నాడు:
"నెయ్యి అనే రాసుకోమ్మా,
చదివేటోళ్లు యాడో ఢిల్లీలో ఉంటారు,
వాళ్లకు వాసన పోతాదా?"
నాణ్యత మారింది, అని రాశాను.
ఆ రెండు మాటలూ రాసి
ఆయన మొహం చూడలేక
గోడ మీది రేట్ల బోర్డు చదివాను,
నోటికొచ్చిందే మళ్లీ చదివాను.
పోతుంటే బలవంతంగా ఒక జిలేబి చేతిలో పెట్టబోయాడు.
తీసుకోకూడదు. అదీ రూలే.
పాకం వేలు ఫారానికి తగిలింది.

బడి మలుపులో మాబున్ని నా జాబితాలో లేదు.
తలమీద కప్పు లేని అంగళ్లను మేము ఎంచుకోం.
అయినా అక్కడ ఆగుతాను, పని ఉన్నట్టు.
బుడ్డల ఉండ అయిదు రూపాయలు.
నేను ఈ ఊరికి బదిలీ అయినప్పుడూ అయిదే.
అప్పుడు ఉండతో పాటు
చినిగిన నోట్‌బుక్ కాగితంలో
చిటికెడు పొడి, పెళుసు పాకం ముక్కలు మడిచి,
"ఇంద, ఇది నీ కొసరు" అనేది.
ఈ జూన్‌లో బడి తెరిచాక పొట్లం ఆగింది.
ఎవరూ అడగలేదు.
ఒక్క పిల్ల మాత్రం
ఉండ ఎడమ చేతిలోకి మార్చుకుని
కుడి చెయ్యి అట్లే చాపి నిలబడింది.
మాబున్ని ఈగలు తోలింది.
డబ్బా మీద గుడ్డ సర్దింది.
సర్దిన గుడ్డనే మళ్లీ సర్దింది.
చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది.
గంట కొట్టారు.

ధర ఎంత పెరిగిందని నన్నడిగితే
ఆ చెయ్యి గాల్లో ఉన్నంతసేపు అంటాను.
ఫారం రూపాయలూ పైసలూ అడుగుతుంది.

నెలాఖరుకు కాగితం వస్తుంది:
చక్కెర, మిఠాయి పదార్థాలు, సున్నా పాయింట్ నాలుగు.
మా పెద్ద సారు అద్దాలు తుడుచుకుంటూ
"ఈసారి తీపి నెమ్మదించింది" అన్నాడు.

ఆ మంగళవారం రాత్రి
ఫారం బల్ల మీద పెట్టి పడుకున్నాను.
పొద్దునకు చీమలు.
బియ్యం పేజీలో ఒక్కటి లేదు.
మూడో పేజీ వెతుక్కుని,
ముప్పై ఆరో వరసలో
ఉరుకుందప్ప వేలు తగిలిన చోటికి
బారుగా, తొందరేం లేకుండా వస్తున్నాయి.
ఏ సంవత్సరంతో పోల్చాలో
వాటికెవరూ చెప్పినట్టు లేదు.

ఊదబోయి ఆగాను.
అలవాటు కొద్దీ లెక్కపెట్టాను.
ముప్పై దాటాక ఎక్కడో తప్పాను,
మళ్లీ మొదటి నుంచి.